అరండల్‌పేట స్కానర్ సర్వీస్ షాపు: "బోర్డు పోయింది" అన్నదాన్ని బతికించి ఇచ్చారు

స్కానర్‌ని కంప్యూటర్ పట్టుకోవట్లేదని కొత్తది కొనేద్దామనుకుంటున్న వాళ్లు గుంటూరులో ఎవరైనా ఉంటే, డబ్బు పెట్టేముందు ఒకసారి ఈ షాపులో చూపించండి. నేను ఐదుకి నాలుగు స్టార్లు ఇస్తున్నాను. తగ్గించిన ఆ ఒక్కటీ పనితనం గురించి కాదు, మిగతా వ్యవహారం గురించి, అదీ రాస్తాను. రివ్యూ కాస్త పొడుగే అవుతుంది, ఏమనుకోకండి. మాలాంటి జిరాక్స్, నెట్ సెంటర్ల వాళ్లలో ఈ బాధ పడనివాళ్లు తక్కువ, ఎక్కడికి తీసుకెళ్లినా కనీసం ఏం అడగాలో తెలుస్తుందని అంతా రాస్తున్నా.

మాది పట్టాభిపురంలో చిన్న జిరాక్స్, డీటీపీ షాపు. గాజు మీద కాగితం పెట్టి స్కాన్ చేసే ఫ్లాట్‌బెడ్ స్కానర్ ఒకటి ఉంది, కంపెనీ పేరు అనవసరం, పాతదే కానీ గాజు మీద ఒక్క గీత లేదు, రంగులు ఇప్పటికీ బాగా వస్తాయి. ఇన్నాళ్లూ అది విండోస్ 7 సిస్టమ్‌తో నడిచింది, అది కూడా 32 బిట్. తెలుగు టైపింగ్‌కి అను ఫాంట్లు, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ అన్నీ అందులో కుదురుగా ఉన్నాయని మేం దాన్ని కదపలేదు, డీటీపీ చేసేవాళ్లకి ఈ భయం అర్థమవుతుంది. ఆ మదర్‌బోర్డు పోయాక తప్పనిసరై విండోస్ 11తో కొత్త సిస్టమ్ అసెంబుల్ చేయించాం. దానికి స్కానర్ తగిలిస్తే లైటు వెలుగుతుంది, అంతవరకే. స్క్రీన్ మూల "యూఎస్‌బీ డివైస్ నాట్ రికగ్నైజ్డ్" అని ఒక మెసేజ్ వచ్చి పోతుంది. సరిగ్గా అడ్మిషన్ల టైము, పిల్లలు మార్కుల మెమోలు, కుల ధ్రువీకరణ పత్రాలు పట్టుకుని వరసగా నిలబడి ఉంటారు, ఫోన్‌తో ఫోటో తీసి పీడీఎఫ్ చేసి అప్‌లోడ్ చేస్తే నీడ పడిందనో సీలు కనపడట్లేదనో వెనక్కి వస్తున్నాయి. ఎంత టెన్షనో వేరే చెప్పక్కర్లేదు.

ముందు ఇంకోచోట చూపించాం. పేరు రాయను. వాళ్లు చూడగానే డ్రైవర్ ప్రాబ్లమ్ అన్నారు, డ్రైవర్ అంటే స్కానర్‌ని విండోస్‌తో పనిచేయించే సాఫ్ట్‌వేర్. నెట్‌లో ఏదో డ్రైవర్ అప్‌డేటర్ అని దొరికితే అది వేశారు, అది సిస్టమంతా వెతికి బోలెడు తప్పులున్నాయని ఎర్రక్షరాల్లో చూపించి, సరిచేయాలంటే డబ్బు కట్టమంది. తర్వాత యాంటీవైరస్ ఆపారు, విండోస్ సెక్యూరిటీలో చెడ్డ డ్రైవర్లు లోపలికి ఎక్కకుండా కాపాడే మెమరీ ఇంటెగ్రిటీ అని ఒకటుంటుంది, అదీ ఆపారు, ఏదీ పని చేయకపోయేసరికి "బోర్డు పోయిందండీ, కొత్తది తీసుకోండి, ఐదారు వేలల్లో వస్తుంది" అని తేల్చేశారు. ఆపినవి ఆపినట్టే వదిలేసి పంపించారని మాకు తర్వాత ఈ షాపులోనే తెలిసింది.

ఇక్కడికి ఫోన్ చేస్తే మొదటి మాటే నచ్చింది. "అక్కా, స్కానర్ ఒక్కటే తెస్తే ఉపయోగం లేదు, సీపీయూ కూడా తీసుకురండి, ముఖ్యంగా మీరు వాడే ఆ వైరే తీసుకురండి, వేరేది వద్దు" అన్నాడు షాపు అబ్బాయి. వెళ్లాక ఆ అబ్బాయి చేసిన మొదటి పని స్కానర్‌ని తిరగేసి కింద లాక్ చూడటం. పాత ఫ్లాట్‌బెడ్లలో చాలావాటికి అడుగున తాళం బొమ్మతో చిన్న మీట ఉంటుంది, మోసుకెళ్లేటప్పుడు లోపల తల కదలకుండా దాన్ని వేస్తారు. అది వేసి ఉంటే మామూలుగా కంప్యూటర్ స్కానర్‌ని పట్టుకుంటుంది కానీ తల జరగదు, గరగరమని చప్పుడొచ్చి ఎర్రర్ ఇస్తుంది. మాది తెరిచే ఉంది, కాబట్టి అది కాదు.

తర్వాత కంప్యూటర్‌కి తగిలించినవన్నీ చూపించే డివైస్ మేనేజర్ తెరిచాడు. అందులో పసుపు త్రికోణంతో "అన్‌నోన్ యూఎస్‌బీ డివైస్, డివైస్ డిస్క్రిప్టర్ రిక్వెస్ట్ ఫెయిల్డ్" అని ఉంది, తెరిస్తే కోడ్ 43. ముందు చోట కూడా ఇదే చూశారు కానీ అక్కడితో ఆగి డ్రైవర్ల వెంట పడ్డారు. ఇతను దాని మీద రెండుసార్లు క్లిక్ చేసి, డిటైల్స్ ట్యాబ్‌లోకి వెళ్లి, హార్డ్‌వేర్ ఐడీస్ అని ఎంచుకుని నాకు చూపించాడు. అక్కడ వీఐడీ అనే మాట పక్కన నాలుగు సున్నాలున్నాయి. "ఇదిగో అక్కా, ఇక్కడ కంపెనీ నంబర్ ఉండాలి. క్యానన్ అయితే 04ఏ9, ఎప్సన్ అయితే 04బీ8, హెచ్‌పీ అయితే 03ఎఫ్0. మీదాన్లో అన్నీ సున్నాలే. ఇది ఇంకా పేరే చెప్పలేదు. పేరు చెప్పనిదానికి డ్రైవర్ ఎట్లా వేస్తారు?"

ఇది నాకు ఎవరూ చెప్పని విషయం. యూఎస్‌బీకి ఏది తగిలించినా మొదట కంప్యూటర్ దాన్ని నువ్వెవరు, ఏ కంపెనీ, ఏ మోడల్ అని అడుగుతుందట, జవాబొస్తేనే దానికి తగ్గ డ్రైవర్‌ని వెతుక్కుంటుందట. మా స్కానర్ పరిస్థితి, గుమ్మం దాకా వచ్చిన మనిషి పేరు చెప్పబోయేలోపే గొంతు పడిపోయినట్టు. ఆ దశలో ఎన్ని డ్రైవర్లు వేసినా దండగ. వైరు, పోర్టు, కరెంటు, లేదా స్కానర్ లోపలి పార్టు, ఈ నాలుగింట్లోనే తేలాలి.

వరసగా ఒక్కోటే మారుస్తూ వెళ్లాడు, ఒకేసారి రెండు మార్చలేదు, నాకు బాగా నచ్చింది ఇదే. ముందు సీపీయూ ముందువైపు పోర్టు నుంచి తీసి వెనక మదర్‌బోర్డుకి నేరుగా ఉన్న పోర్టులో పెట్టాడు. ముందువైపు పోర్టులకి క్యాబినెట్ లోపల ఇంకో వైరు ఉంటుంది, చవక క్యాబినెట్లలో అది సన్నగా ఉంటుంది, కరెంటు సరిగా అందదు. మార్పేమీ లేదు. తర్వాత తన దగ్గరున్న మంచి పొట్టి కేబుల్ వేశాడు. అప్పుడూ లేదు, కానీ స్కానర్ వైపు ఉండే చతురస్రపు పిన్నుని వేలితో కొంచెం పైకి నొక్కగానే, ఏదైనా తగిలిస్తే కంప్యూటర్ చేసే చప్పుడు, టింగ్ మని వినపడింది. వదిలేస్తే టుంగ్ మని పోయింది. మళ్లీ నొక్కితే టింగ్. అతను నా వంక చూసి నవ్వాడు.

విప్పాడు. రెండు స్క్రూలు రబ్బరు కాళ్ల కింద దాక్కుని ఉంటాయి, అవి చూడకుండా పైమూత లాగితే ప్లాస్టిక్ కొక్కేలు విరుగుతాయట. లోపల పోర్టుని బోర్డుకి కలిపే సన్నటి కాళ్లున్నాయి, వాటిలో ఒకదాని చుట్టూ సీసం మీద వెంట్రుకంత గుండ్రటి పగులు. భూతద్దం కింద పెట్టి చూపించాడు, మామూలుగా చూస్తే కనపడనే కనపడదు. కరెంటు వచ్చే కాలు బాగుంది కాబట్టి లైటు వెలుగుతోంది, సమాచారం వెళ్లే కాలు తెగింది కాబట్టి కంప్యూటర్‌కి ఏమీ అందట్లేదు. ఈ పోర్టులున్న ప్రింటర్లకీ స్కానర్లకీ ఇది మామూలేనంట, వైరు బరువు వేలాడి వేలాడి అక్కడే దెబ్బ తింటుంది. పాత సీసం తీసేసి, కొత్తగా సోల్డర్ చేసి, ఊడదీశాం కదా అని గాజు లోపలి వైపు పట్టిన మసక కూడా తుడిచి పెట్టాడు. దానికి వేరే డబ్బు అడగలేదు.

"బోర్డు పోయింది" అన్నది ఇదన్నమాట.

ఇక్కడ చాలామంది మోసపోయేది ఎక్కడంటే, పోర్టు బాగైనా స్కాన్ మాత్రం రాలేదు. తగిలించగానే డివైస్ మేనేజర్‌లో సున్నాలు పోయి కంపెనీ నంబర్ వచ్చింది, స్కానర్ పేరు కూడా వచ్చింది, కానీ పసుపు త్రికోణం అలాగే ఉంది. ఈసారి కోడ్ 28. అంటే డ్రైవర్ లేదు అని. పైనుంచి చూసేవాళ్లకి రెండూ ఒకటే, త్రికోణం త్రికోణమే, ఇంకా బాగవ్వలేదు అనే అనుకుంటాం. నిజానికి రెండు వేర్వేరు రోగాలు ఒకదాని వెనక ఒకటి నిలబడి ఉన్నాయి. ముందు చోట వాళ్లు రెండోదానికి మందు వేశారు, మొదటిది తగ్గకుండా. కోడ్ నంబర్ చదవడం వస్తే ఈ తిరుగుడంతా ఉండదు.

డ్రైవర్ విషయంలో అతను చెప్పినవి గుర్తున్నంతవరకు రాస్తాను. విండోస్ 11లో 32 బిట్ రకం అసలు లేదు, అంతా 64 బిట్టే. 32 బిట్ విండోస్ కోసం చేసిన డ్రైవర్ 64 బిట్ దాంట్లో ఎక్కదు, కాబట్టి పాత సీడీ దాచుకున్నాం కదా అని మురిసిపోతే లాభం లేదు, ఆ సీడీలో 64 బిట్ ఫైలు ఉందో లేదో చూడాలి. డ్రైవర్ కంపెనీ సొంత సైట్ నుంచే తీసుకోవాలి, స్కానర్ అడుగున స్టిక్కర్ మీద మోడల్ పేరు ఉంటుంది, చివరి అక్షరంతో సహా అదే వెతకాలి. సైట్‌లో విండోస్ 11 అని లేకపోయినా, విండోస్ 10కో 8కో 64 బిట్ డ్రైవర్ ఉంటే చాలాసార్లు అదే 11లోనూ పనిచేస్తుంది. మాకు అలాగే దొరికింది.

వేసే పద్ధతి కూడా ఉంది. ముందు డివైస్ మేనేజర్‌లో వ్యూ మెనూలో షో హిడెన్ డివైసెస్ పెట్టి, ముందు చోట అడ్డదిడ్డంగా వేసినవన్నీ తీసేశాడు, ఆ డ్రైవర్ అప్‌డేటర్‌ని కూడా. తర్వాత స్కానర్ వైరు పీకేసి డ్రైవర్ ఇన్‌స్టాల్ చేశాడు, అది అడిగినప్పుడే తగిలించాడు. మధ్యలో రీస్టార్ట్. నేను షట్‌డౌన్ చేసి ఆన్ చేస్తే సరిపోదా అంటే, సరిపోదు, విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా లోపలి భాగం పూర్తిగా ఆగదు, కొంత దాచుకుని మళ్లీ అదే తెరుస్తుంది, రీస్టార్ట్ కొడితేనే మొదటినుంచీ మొదలవుతుంది అన్నాడు. ఇది స్కానర్‌కే కాదు, దేనికైనా పనికొస్తుంది.

సర్వీసెస్‌లోకి వెళ్లి విండోస్ ఇమేజ్ అక్విజిషన్ అనేది నడుస్తోందో లేదో కూడా చూశాడు. దాన్నే డబ్ల్యూఐఏ అంటారు, స్కానర్‌కీ సాఫ్ట్‌వేర్లకీ మధ్యవర్తి లాంటిది. అది ఆగిపోయి ఉంటే డివైస్ మేనేజర్‌లో స్కానర్ శుభ్రంగా కనపడుతుంది కానీ స్కాన్ చేయబోతే స్కానర్ లేదంటుంది, మాదాన్లో బాగానే ఉంది. చివరికి స్కాన్ వచ్చింది. ఆధార్ కార్డు పెట్టి చూశాం, అక్షరాలు కళకళలాడుతున్నాయి.

ఇంటికొచ్చాక ఫోటోషాప్‌లో చూస్తే అందులో స్కానర్ లేదు! గుండె జారిపోయింది. ఫోన్ చేస్తే ఎత్తలేదు (ఇది మళ్లీ చెప్తా), సాయంత్రం తనే చేసి చెప్పాడు. కంపెనీ ఇచ్చిన ట్వెయిన్ ఫైలు, అంటే ఫోటోషాప్ లాంటివాటిని స్కానర్‌తో కలిపేది, 32 బిట్‌దట, 64 బిట్ ఫోటోషాప్ దాన్ని చదవలేదట, స్కానర్‌లో తప్పేం లేదు. నాప్స్2 అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, అందులో స్కాన్ చేసి సేవ్ చేసుకుని ఫోటోషాప్‌లో తెరవండి అన్నాడు. అది వేసుకున్నాక ఇప్పుడు కంపెనీ సాఫ్ట్‌వేర్ తెరవడమే మానేశాను. పది పేజీలు వరసగా స్కాన్ చేసి ఒకే పీడీఎఫ్ చేస్తుంది, పేజీలు ముందూ వెనకా మార్చుకోవచ్చు. మీ మోడల్‌కి 64 బిట్ డ్రైవరే లేకపోతే వ్యూస్కాన్ అని ఇంకోటి ఉంది, డబ్బు పెట్టి కొనాల్సిందే కానీ వేల రకాల స్కానర్లని అది నడుపుతుంది. ముందు ట్రయల్ వేసి చూడండి, బొమ్మ మీద అడ్డంగా వాళ్ల గుర్తు పడుతుంది, పడినా ఫర్వాలేదు, మీ స్కానర్ కదులుతోందో లేదో తెలుస్తుంది, కదిలితేనే కొనండి.

ముందు చోట ఆపేసిన మెమరీ ఇంటెగ్రిటీని, యాంటీవైరస్‌ని తిరిగి ఆన్ చేసి ఇచ్చాడు, నేను అడగకుండానే. అవి ఆన్ చేశాక కూడా స్కానర్ పనిచేస్తోందని చూపించాడు. కొన్ని పాత డ్రైవర్లని మెమరీ ఇంటెగ్రిటీ నిజంగానే ఎక్కనివ్వదు, అలాంటప్పుడు స్కానర్ కోసం దాన్ని ఆపుకోవడం కంటే స్కానర్‌ని వేరే పాత సిస్టమ్‌కి పెట్టుకోవడం మేలు అన్నాడు. ఆధార్‌లు, బ్యాంకు పాస్‌బుక్కులు అన్నీ మా సిస్టమ్‌లోనే ఉంటాయి, నేనైతే ఒప్పుకుంటాను.

కొన్నాళ్లు బాగానే నడిచింది, తర్వాత ఒక కొత్త గోల. మధ్యాహ్నం భోజనం చేసి వచ్చేసరికి స్కానర్ మాయం, పీకి పెడితే మళ్లీ వచ్చేది. ఇది ఫోన్లోనే సరిచేశాడు. కరెంటు పొదుపు కోసం విండోస్ కాసేపు వాడని యూఎస్‌బీని పడుకోబెడుతుందట, కొన్ని పాతవి ఆ నిద్రలోంచి లేవవు. పవర్ ఆప్షన్స్‌లో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ డిజేబుల్ చేయించాడు, డివైస్ మేనేజర్‌లో యూఎస్‌బీ రూట్ హబ్ దగ్గర పవర్ మేనేజ్‌మెంట్‌లో కరెంటు ఆదా కోసం ఆపొచ్చు అనే టిక్కు తీయించాడు. మళ్లీ ఆ బాధ లేదు. దీనికీ డబ్బు తీసుకోలేదు.

నేను అక్కడ కూర్చుని ఉండగానే ఇంకొకాయన పల్చటి స్కానర్ తెచ్చాడు, లైటు వస్తోంది పట్టుకోవట్లేదు అని మా కథే. చూస్తే ఆయన వాడుతున్నది ఫోన్ ఛార్జింగ్ వైరు. పల్చటి వాటికి వేరే అడాప్టర్ ఉండదు, కరెంటు కూడా యూఎస్‌బీ నుంచే లాక్కుంటాయి, ఛార్జింగ్‌కి మాత్రమే చేసిన చవక వైర్లలో సమాచారం వెళ్లే తీగలే ఉండవు. వైరు మార్చాడు, పనైపోయింది, వైరు డబ్బే తీసుకుని పంపించాడు. ఆయన చాలాసేపు నమ్మలేదు. ఇలాంటి పల్చటి వాటిని సొంత కరెంటు లేని చవక హబ్బుకి (ఒక పోర్టుని నాలుగైదు చేసేది) తగిలించినా ఇదే గొడవ, ఒకే పోర్టు నుంచి వచ్చే కరెంటుని మౌస్, కీబోర్డు, పెన్‌డ్రైవ్ అన్నీ పంచుకుంటాయి. లావుగా, అడాప్టర్‌తో వచ్చే రకానికి ఆ బాధ లేదు, కానీ అడాప్టర్ పోయిందేమో చూసుకోవాలి.

ఆధార్ వేలిముద్రల మెషీన్లు కూడా చూస్తారు. అయితే అవి వేరే లెక్క, డ్రైవర్ ఒక్కటే ఉంటే చాలదు, ఆధార్ కోసం మెషీన్‌ని రిజిస్టర్ చేసి నడిపే ఆర్‌డీ సర్వీస్ అనే సాఫ్ట్‌వేర్ నడవాలి, దాని గడువు అయిపోతే రెన్యువల్ చేయించుకోవాలి. అందుకోసం వెళ్లేవాళ్లు మెషీన్ మీది సీరియల్ నంబర్ ఫోటో తీసుకుని వెళ్లండి, మొదట అదే అడుగుతాడు.

ఖర్చు సంగతి. చూసినందుకు 200, పోర్టు సోల్డరింగ్‌కి 350, కొత్త కేబుల్‌కి వేరే. బాగవ్వకపోతే ఆ 200 మాత్రమే అని ముందే చెప్పాడు. కొత్త స్కానర్ రేటుతో చూసుకుంటే ఇది లెక్కలోకి రాదు.

ఇక తగ్గించిన స్టారు. ఒకటి, ఫోన్ ఎత్తడు. పనిలో ఉంటే అసలు ఎత్తడు, వాట్సాప్‌లో పెడితే ఎప్పుడో రాత్రికి చూస్తాడు, షాపు పెట్టుకున్నాక ఒక మనిషినైనా ఫోన్ దగ్గర ఉంచాలి కదా. రెండు, సాయంత్రానికి ఇస్తానన్నది మర్నాడు ఇచ్చాడు, అడ్మిషన్ల టైములో ఒక పూట అంటే మాకు ఎంత నష్టమో. మూడు, బిల్లు. తెల్ల చీటీ మీద అంకెలు రాసి ఇచ్చాడు, ఏ పని చేశాడో రాయలేదు, గ్యారంటీ ఎన్నాళ్లో రాయలేదు, నోటితో మాత్రం మూడు నెలలు అన్నాడు. నేను అక్కడే నిలబడి చీటీ వెనక తేదీ, "పోర్టు సోల్డరింగ్" అని రాయించుకున్నాను, మీరూ రాయించుకోండి. చెప్పేటప్పుడు కాస్త క్లాసు పీకినట్టు కూడా ఉంటుంది, మా ఆయనకి అది నచ్చలేదు, నాకైతే తెలియని విషయాలు చెప్తున్నాడు కదా అనిపించింది.

షాపు మెట్లెక్కి పైకి వెళ్లాలి, లిఫ్టు లేదు, సీపీయూ మోయడానికి ఇంకొకర్ని తోడు తీసుకెళ్లండి. కింద బండి పెట్టడానికి జాగా దొరకదు, సాయంత్రం అయితే శంకర్ విలాస్ వైపు ట్రాఫిక్ సంగతి తెలిసిందే, పొద్దున షాపు తెరిచే వేళకి వెళ్తే ఖాళీగా ఉంటాడు. ఆదివారం సెలవు.